కుడి పక్క స్పీకరు

కోరాపుట్,
దసరా వెళ్లిన వారం

అమ్మీ సస్మితా,

మేమిద్దరం బాగున్నాం. కారే బాగాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ ఉండగా కాగితం మీద రాయడమేమిటని నవ్వుకోకు. మన కొండల్లో సిగ్నల్ సంగతి నీకు తెలియనిది కాదు. నీ మాట సగం అందుతుంది, సగం ఎటో పోతుంది. "ఏటి? ఏటి?" అని నేను అరవడం, "ఏం లేదులే నాన్నా" అని నువ్వు పెట్టెయ్యడం. దీనికంటే ఉత్తరమే నయం. పైగా ఒడియా బడిలో చదివిన పిల్లకి ఆంధ్రా లారీల వెనక రాతలు చూపించి తెలుగు నేర్పాను. వాడకుండా వదిలేస్తే తుప్పు పట్టిపోతుంది. మన చిన్నబాబు బస్సు రోజూ రాయగడ వస్తుంది కాబట్టి అతని చేత పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

ఇక రోగాలు రెండు. మొదటిది ఏసీ. ఎంత చల్లదనం కావాలో నొక్కితే తనంతట తానే సర్దుకునే కారని మురిసిపోయి, కిరాయిలకి తిప్పడానికి కొన్నాం కదా. ఇప్పుడు పక్క సీటు వాడికి మంచు, నాకు నిప్పులు. పొట్టంగి దాటేదాకా చలి కాబట్టి ఎలాగో ఓర్చుకున్నాను గానీ, ఘాట్ దిగి సాలూరు చేరేసరికి చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. లోపల ఏదో టకటకమని కొట్టుకుంటోందని మీ అమ్మ అంటుంది. నాకైతే ఏ చప్పుడూ వినబడలేదు. ఆవిడకి వీధి చివర పిల్లి నడిచినా వినబడుతుంది, నీకు తెలుసుగా.

రెండోది పాటల పెట్టె. నా వైపు స్పీకరు, అంటే కుడిది, పలకడం లేదు. ఎడమది ఒక్కటే పాడుతోంది.

బస్టాండు దగ్గర మోహన్ షాపుకి తీసుకెళ్లమని అందరూ అంటున్నారు. కన్న కూతురు రాయగడ వర్క్‌షాపులో ఏసీలూ వైరింగులూ చూస్తూ ఉంటే, నేను నా బండిని ఇంకొకడి చేతిలో పెడతానా? నామోషీ కాదూ? ఏం చెయ్యాలో రాయి. చేతులు నావి, బుర్ర నీది.

మీ నాన్న,
లక్ష్మణుడు


రాయగడ

నాన్నా,

నీ ఉత్తరం వర్క్‌షాపులో అందరి ముందూ చదివి పరువు తీసుకున్నాను. "మీ నాన్నకి నీ మీద నమ్మకం ఎక్కువా, మోహన్ మీద కోపం ఎక్కువా" అని అడుగుతున్నారు.

సరే, డాక్టరమ్మ ప్రశ్నలు మొదలు. దసరా నాడు అమ్మ బండికి పూజ చేసింది కదా. అక్షింతలు ఎక్కడెక్కడ వేసింది? ముందు అద్దం కింద, డాష్‌బోర్డు మీద పొడుగ్గా ఒక సందు ఉంటుంది చూడు, మంచు పట్టినప్పుడు అద్దం మీదికి గాలి వచ్చేది. అందులో వేసిందా? దాచకుండా చెప్పమను. దసరా వెళ్లాక మా వర్క్‌షాపుకి వచ్చే ఏసీ కేసుల్లో సగం అమ్మలవే.

ఆ సందులోంచి గింజలు జారి లోపలికి పోతాయి. వేడిగాలీ చల్లగాలీ కలిపే రేకు తలుపు ఒక్కో సీటు వైపుకి ఒకటి ఉంటుంది, దాన్ని చిన్న మోటారు తిప్పుతుంది. ఆ తలుపు సందులో పసుపు బియ్యం ఇరుక్కుంటే తలుపు పడదు, మోటారు మాత్రం తిప్పుతూనే ఉంటుంది. అమ్మ విన్న టకటక అదే. ఆవిడ చెవికి వంద మార్కులు.

బండి ఆపి తాళం తీసెయ్. స్టీరింగు కింద, నీ ఎడమ మోకాలి దగ్గర ప్లాస్టిక్ మూత విప్పితే మోటారు కనబడుతుంది. దాన్ని ఊడదీసి, తలుపుని వేలితో మెల్లగా ఆడించు. ఎక్కడ పట్టేస్తే అక్కడ గింజ ఉన్నట్టు. పట్టకారతో తియ్యి. బలం చూపించకు, అది జాకీ కాదు.

స్పీకరు సంగతికి ముందు ప్లేయరులో ఎడమ కుడి సర్దే బ్యాలెన్సు ఎక్కడుందో చూడు. తుడుస్తూ ఎప్పుడో ఎడమకి జరిపేసి ఉంటావు.

అత్త ఇంట్లో నేను బాగానే తింటున్నానని అమ్మకి చెప్పు.

సస్మిత


కోరాపుట్

అమ్మీ,

నువ్వు అక్కడ కూర్చుని ఇక్కడి గింజల్ని ఎలా చూశావే? పిడికెడు వచ్చాయి. కొన్ని బూజు పట్టి ముద్దయిపోయాయి. ఇప్పుడు నా వైపూ మంచే. నిన్న సాలూరు దిగినప్పుడు దర్జాగా స్వెట్టరు వేసుకుని కూర్చున్నాను, చలికి కాదు, గొప్పకి.

గింజలు తియ్యడం కంటే మీ అమ్మని ఒప్పించడం కష్టమైంది. మూత విప్పుతుంటే వచ్చి నిలబడింది. "ఒగ్గీయండి. దేవుడి అచ్చింతలు బైటికి లాగుతారేటి? ఘాట్‌లో మిమ్మల్ని కాస్తన్నాయవి" అంది. కాస్తున్నాయో లేదో గానీ ఉడకబెడుతున్నాయి అన్నాను. ఆ రోజు నాకు కూర లేదు. చివరికి ఆ గింజలన్నీ తులసి మొక్క మొదట్లో వేసి, వచ్చే ఏడాది పై కప్పు మీద మాత్రమే వేస్తానని ఒప్పుకుంది. ఒప్పుకుంది కాబట్టి నువ్వు ఇక ఎగతాళి చెయ్యకు.

స్పీకరు మాత్రం మొండికేసింది. బ్యాలెన్సు సరిగ్గా మధ్యలోనే ఉంది. పూర్తిగా కుడికి జరిపి చూశాను. ఎక్కడో దూరంగా, అదీ ఎడమ పక్కనుంచి వస్తున్నట్టు వినిపించింది. కుడి వైపు మాత్రం గోడలా ఉంది.

మీ అమ్మేమో పక్కన కూర్చుని చెవులు మూసుకుంది. ఆవిడ లెక్క వేరు.

ఇంకో మందు రాయి.

మీ నాన్న


రాయగడ,
దీపావళి ముందు

నాన్నా,

ఏసీ ఫీజుగా నాకు అమ్మ చేతి అరిసెలు పంపించు. చిన్నబాబు దారిలో తినకుండా మూట గట్టిగా కట్టమను.

స్పీకరుకి ఇలా చెయ్. ప్లేయరు బయటికి లాగితే వెనక వైర్లు ఉంటాయి. కుడి స్పీకరుకి వెళ్లే జతని ఎడమ చోట, ఎడమ జతని కుడి చోట పెట్టు. మేం తప్పు దొరకనప్పుడు చేసే పని ఇదే. రోగం ఎడమ స్పీకరుకి జరిగితే ప్లేయరుది తప్పు. కుడి వైపే ఉండిపోతే స్పీకరుది.

రెండు వైపులా విన్నాక నువ్వు ఒక్కడివే తేల్చకు. అమ్మని కూడా కూర్చోబెట్టు. ఆవిడ ఏమందో ఆవిడ మాటల్లోనే రాయి.

ఇంకో మాట. ఈమధ్య ఫోన్ చేస్తే నువ్వు ఎత్తి వెంటనే అమ్మకి ఇచ్చేస్తున్నావు. నా మీద అలక ఏమైనా ఉందా?

సస్మిత


కోరాపుట్

అమ్మీ,

అలకా గిలకా ఏమీ లేవు. చెప్పాను కదా, సిగ్నల్. మీ అమ్మ ఆ ఫోన్‌తో ఎలా వేగుతుందో ఆవిడకే తెలియాలి.

నువ్వు చెప్పినట్టే వైర్లు మార్చాను. రోగం జరగలేదు, కుడి వైపే ఉంది. అంటే స్పీకరే పోయిందన్నమాట. కొత్తది తెచ్చి బిగించాను. అదీ పలకలేదు! కొత్త సరుకు కూడా పాడయ్యే కాలం వచ్చింది.

మీ అమ్మ మాటలు అలాగే రాస్తున్నాను, నన్ను తిట్టుకోకు. "మోగతంది కదయ్యా! గుండెలదిరిపోతన్నాయి. మీకేటైంది?" అంది. పాత స్పీకరప్పుడూ అదే మాట, కొత్తదానికీ అదే మాట. ఆవిడకి పాటంటే ఎడమా కుడీ తేడా ఏం తెలుస్తుంది చెప్పు. సాక్షిగా పనికిరాదు.

మొన్న భారతి టీచరమ్మని పొట్టంగిలో వాళ్ల బడికి తీసుకెళ్లాను. వెనక కూర్చుని చాలాసేపు ఏదో అడిగిందట, నేను పలకలేదట. దిగేటప్పుడు "లక్ష్మణుడు గారూ, నా మీద కోపమొచ్చిందా" అంది. ఎంత నొచ్చుకున్నానో. ఆ పాడు స్పీకరు గురించే ఆలోచిస్తూ ఉండిపోయి ఉంటాను.

అరిసెలు పంపుతున్నాను. మూట కట్టింది నేనే, చిన్నబాబు పప్పులు ఉడకవు.

మీ నాన్న


రాయగడ

నాన్నా,

అరిసెలు అందాయి. అత్తా నేనూ పోట్లాడుకుని తిన్నాం.

ఇంకొక్క పరీక్ష. ఎందుకని అడక్కు, నవ్వకు, చేసి రాయి. బండి ఇంటి ముందు ఆపి ఉంచు. పాట పెట్టు. డ్రైవరు సీట్లో మోకాళ్ల మీద కూర్చుని, మొహం వెనక సీటు వైపు తిప్పు. అలా ఉండి, ఏ స్పీకరు పలుకుతోందో, ఏది పలకడం లేదో విను.

వెంటనే రాయి నాన్నా. ఆలస్యం చెయ్యకు.

సస్మిత


కోరాపుట్

అమ్మీ,

నీ మాట విని వీధిలో నవ్వులపాలయ్యాను. ఈ వయసులో డ్రైవరు సీట్లో మోకాళ్లేసి వెనక్కి తిరిగి కూర్చుంటే ఎదురింటివాళ్లు గుమ్మాల్లోకి వచ్చేశారు. "ఏటి లచ్చన్నా, ఎనక్కి తిరిగి తోల్తావా ఇప్పట్నించి?" అని ఒకడు. మీ అమ్మ నవ్వలేక అరుగు మీద కూలబడింది.

కానీ వింత ఏమిటంటే, ఈసారి కుడి స్పీకరు చక్కగా పాడింది. ఎడమది చచ్చిపోయింది! ముందుకి తిరిగి కూర్చున్నాను, మళ్లీ కుడిది పోయి ఎడమది వచ్చింది. నా బరువుకి సీటు కింద ఏదో వైరు నలుగుతోందని నాకు అనుమానం. నువ్వేమంటావు?

ఇంకో శుభవార్త. సాలూరు వెళ్లే పెళ్లివారు నా బండే కావాలని పట్టుబట్టి మాట్లాడుకున్నారు. ముసలాళ్లూ పసిపిల్లలూ ఉన్నారట. సుంకి ఘాట్‌లో లక్ష్మణుడు తోలితే కడుపులో నీళ్లు కదలవని వాళ్లకి ఎవరో చెప్పారట. చెప్పినవాళ్లు చల్లగా ఉండాలి. మీ అమ్మ ఈమధ్య షికారుకంటూ ప్రతి కిరాయికీ పక్క సీట్లో ఎక్కి కూర్చుంటోంది గానీ, ఈసారి ఆవిడకి చోటుండదు. పెళ్లివారు పాటలు లేకుండా కూర్చోరు కదా, ఈలోగా ఆ స్పీకరు సంగతి తేల్చెయ్యాలి.

మీ నాన్న


రాయగడ

నాన్నా,

కంగారు పడకు గానీ జాగ్రత్తగా చదువు. నువ్వు రాసిన లక్షణాలు చూస్తే ప్లేయరు లోపల షార్టు ఉన్నట్టుంది. మలుపుల్లో బండి ఊగినప్పుడు వైరు కాలి పొగ రావచ్చు. ఘాట్‌లో అలాంటిది జరిగితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

నేను సెలవు పెట్టి వచ్చి చూసేదాకా బండిని ఘాట్ ఎక్కించకు, దింపకు. ఊళ్లో కూడా తిప్పకు. పెళ్లివారికి ఇంకో బండి చూసిపెట్టు. నా మీద ఒట్టు.

సస్మిత


కోరాపుట్

సస్మితకి,

పెళ్లివారికి చెప్పేశాను. వాళ్లు ఇంకో బండిలో వెళ్లారు. నీ ఒట్టు చెల్లింది.

బండి ఖాళీగా ఉంది కదా అని మోహన్ దగ్గరికి తోసుకుంటూ తీసుకెళ్లాను. జీవితంలో మొదటిసారి. ప్లేయరు విప్పాడు, వైర్లన్నీ చూశాడు. షార్టూ లేదు, పొగా లేదు. "ఎవుడు సెప్పేడన్నా నీకీ మాట? బండి బంగారంలాగుంది" అన్నాడు. నా కూతురు చెప్పిందని అతనితో అనలేకపోయాను.

నువ్వు ఆ పనిలో చేరేటప్పుడు నేను చెప్పింది ఒక్కటే. లేని రోగం బండికి అంటగట్టకు, కస్టమరుని భయపెట్టకు అని. ఆ మాట నా దగ్గరే తప్పావు. ఎందుకు తప్పావో రాయి. సిగ్నల్ బాగున్నా బాగోకపోయినా ఫోన్ చెయ్యకు, రాయి.

లక్ష్మణుడు


రాయగడ

నాన్నా,

అవును, అబద్ధం చెప్పాను. ప్లేయరు బాగుంది. వైర్లు బాగున్నాయి. నువ్వు తెచ్చిన కొత్త స్పీకరూ బాగుంది, విప్పి పారేసిన పాతదీ బాగుంది. నీ కుడి చెవి వినడం లేదు నాన్నా.

ఈ వాక్యం రాయలేక నాలుగు కాగితాలు చించేశాను. అందుకే ముందు షార్టు అని రాశాను.

వైర్లు తారుమారు చేసినా రోగం కదలలేదు. స్పీకరు మార్చినా కదలలేదు. అప్పుడు నాకు భయం వేసింది. నువ్వు వెనక్కి తిరిగి కూర్చుంటే కారు తిరగదు కదా. నువ్వు తిరిగావు, చచ్చిన స్పీకరు నీతో పాటు తిరిగింది. నీ ఉత్తరం చదివి వర్క్‌షాపులో ఒక కారు కింద దూరి ఏడ్చాను. కంట్లో నూనె పడిందని అందరికీ చెప్పాను.

సిగ్నల్ అంటావు. అమ్మ మాట్లాడేదీ అదే ఫోన్, అదే ఇల్లు. ఆవిడ మాట నాకూ నా మాట ఆవిడకీ శుభ్రంగా అందుతున్నాయి. నువ్వు ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటావు నాన్నా. నాకు గుర్తుంది, ఎడమ చెయ్యి గేరు మీద ఉంటుందని అలా అలవాటు చేసుకున్నావు.

నువ్వు వెనక్కి తిరిగి కూర్చున్న ఆ ఉత్తరం రాగానే అమ్మకి ఫోన్ చేసి గట్టిగా అడిగాను. ముందు బుకాయించింది. తర్వాత ఏడ్చింది. "మీ నాన్నకి సెప్పకే అమ్మీ, మనసు ఇరిగిపోద్ది. సుంకి మలుపు కాడ కుడేపు నించి లారీ ఆరన్ కొట్టుకుంటా వచ్చేసింది. ఈయనకి ఇనబడ్డం నేదు. నాను సెయ్యి పట్టుకు లాగేను, అప్పుడు పక్కకి తీసేడు. అందుకే ఎక్కడికెల్లినా కూడా ఎల్తన్నాను" అంది. నీ పక్క సీట్లో అమ్మ ఎందుకు కూర్చుంటోందో తెలిసిందా? షికారుకి కాదు. నీ కుడి చెవిగా వస్తోంది. పెళ్లివారు ఎక్కితే నీ బండిలో ఆవిడకి చోటు ఉండేది కాదు.

నాకు నువ్వు కావాలి. ఘాట్‌లో పేరున్న డ్రైవరు లక్ష్మణుడు అక్కర్లేదు, నాన్న కావాలి. నన్ను తిట్టు, మాట్లాడటం మానెయ్, కానీ చెవి డాక్టరుకి చూపించు. అప్పటిదాకా తాళాలు ముట్టుకోకు.

ఈసారి ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

సస్మిత


కోరాపుట్,
పుష్యమాసం చలి

అమ్మీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదు. కోపంతో రాయలేదని మీ అమ్మ నీకు చెప్పి ఉంటుంది. కోపం మొదటి పూటే పోయింది. మిగిలింది భయం. భయాన్ని ఎలా రాయాలో నాకు తెలియలేదు.

నాకు ఈ చెవి మీద అనుమానం లేకపోలేదు. పడుకున్నప్పుడు ఎడమ పక్కకి ఒత్తిగిల్లితే లోకం ఆగిపోయినట్టుండేది. ఇంట్లో మీ అమ్మ మాట్లాడటం తగ్గించిందనుకున్నాను. పాపం, ఆవిడ ఎప్పటిలాగే మాట్లాడుతోంది. స్పీకరుదే తప్పని తేలితే బాగుండునని, అందుకే అన్ని పరీక్షలూ అంత ఉషారుగా చేశాను. కారుకి రోగముంటే బాగుచెయ్యొచ్చు కదా.

నీ మాట నమ్మడానికి నా పరీక్ష నేను చేసుకున్నాను. మీ అమ్మని తీసుకుని బస్సెక్కి సుంకి మలుపు దగ్గర దిగాను. గోడవారగా నిలబడి కళ్లు మూసుకున్నాను. "బండి ఏ పక్కనించి వస్తే ఆ పక్కకి నేను వేలు చూపిస్తాను. నువ్వు మాట్లాడకు" అన్నాను. ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడింది. లారీ వస్తే వేలు చూపించాను. జీపు వస్తే చూపించాను. బస్సు వస్తే చూపించాను. ఎన్ని వచ్చాయో, అన్నిటికీ నా వేలు ఎడమ వైపే వెళ్లింది. నా చెయ్యి పట్టుకున్న మీ అమ్మ పిడికిలి బిగుసుకుంటూ వచ్చింది. కళ్లు తెరిచేసరికి ఒక సున్నం లారీ నా కుడి పక్కన నిలబడి ఉంది. డ్రైవరు కిందికి వంగి "దారి తప్పేరా మామా?" అని అడుగుతున్నాడు. అతని పెదాలు చూసి అర్థం చేసుకున్నాను.

అక్కడే తాళాలు తీసి మీ అమ్మ చేతిలో పెట్టాను. కొంగు చివర కట్టుకుంది. ఇద్దరం గోడ మీద కూర్చుని కాసేపు ఏడ్చాం. వచ్చేపోయేవాళ్లు ఎవరో చచ్చిపోయారనుకుని ఉంటారు.

తర్వాత ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మది నీ ఈడే. నా కుడి పక్క నిలబడి ఏదో అడిగింది, పలకకపోతే విసుక్కోకుండా ఎడమ పక్కకి తిరిగి వచ్చి మళ్లీ అడిగింది. లోపలి నరం దెబ్బతిందట. ఇన్నేళ్లు కుడి కిటికీ తీసి ఘాట్ గాలిలో, హారన్ల మోతలో తోలినందువల్ల కావచ్చు, కాకపోవచ్చు అంది. మందుల్లేవు. మిషను పెడితే కొంత మేలు. అది పెట్టి మళ్లీ పరీక్ష చేసేదాకా స్టీరింగు పట్టొద్దంది. ఎడమది కాపాడుకోమంది.

లక్ష్మణుడు అని మా అమ్మ పెట్టింది. డ్రైవరు లక్ష్మణుడు అని ఈ రోడ్డు పెట్టింది. రెండో పేరు పోతే నేనెవరిని, మీ అమ్మకి అన్నం ఎలా పెట్టాలి, ఇదే నా భయం. రాసేశాను. ఇప్పుడు కాస్త తేలిగ్గా ఉంది.

నువ్వు అబద్ధమాడి మంచి పని చేశావు. అయినా ఇంకెప్పుడూ ఆడకు.

మీ నాన్న


రాయగడ

నాన్నా,

సెలవు దొరికింది. చిన్నబాబు బస్సులోనే వస్తున్నాను.

నీ భయానికి నాకు తోచిన ఉపాయం ఇది. అత్త కొడుకు సుశాంత్ ఊళ్లో బండి బాగా తోలతాడు గానీ ఘాట్ అంటే వణుకుతాడు. అతను తోలితే నువ్వు పక్కన కూర్చుని నేర్పు. ఏ మలుపులో ఏ గేరు, ఎక్కడ వాన పడితే రాళ్లు జారతాయి, ఎక్కడ ఎదుటివాడికి దారి ఇవ్వాలి, ఇవి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? నీ బండి, నీ పేరు, చేతులు మాత్రం అతనివి. నువ్వే రాశావు కదా, చేతులు ఒకరివి, బుర్ర ఒకరిదని.

అతనికంటే ముందు నాకు నేర్పు. పొట్టంగి దాకా నేను తోలతాను. తాళాలు నా చేతికి ఇమ్మని అమ్మకి చెప్పు.

సస్మిత


కోరాపుట్

అమ్మీ,

నువ్వు రాయగడ క్షేమంగా చేరావని మీ అమ్మ ఫోన్‌లో విని చెప్పింది. నా మిషను వచ్చే వారం వస్తుందట. సుశాంత్ రేపు రాయగడ నుంచి వచ్చి మన ఇంట్లోనే ఉంటానన్నాడు. మొదటి మలుపులోనే ఏడిపించకూడదని మీ అమ్మ నా చేత మాట తీసుకుంది.

నువ్వు తోలిన తీరు గురించి రాయాలి. సెమిలిగుడ దాటాక ఎదుట గొర్రెల మంద వస్తే హారన్ కొట్టకుండా ఆగావు. బాగుంది. దిగుడులో రెండో గేరు వెయ్యడానికి కాస్త ఆలస్యం చేశావు. బాగాలేదు. అప్పుడు నా కాలు లేని బ్రేకుని ఎన్నిసార్లు తొక్కిందో కాళ్ల కింది చాప చూస్తే తెలుస్తుంది.

ఎడమ సీట్లో కూర్చుని ఆ దారి చూడటం నాకు ఇదే మొదటిసారి. వలిసె పూలు అయిపోతూ కూడా అంత పసుపుగా ఉంటాయని తెలియదు. ఇన్నేళ్లు నేను రోడ్డునే చూశాను, లోయ వైపు ఎప్పుడూ చూడలేదు. ఎవరో తోలుతుంటే కూర్చోవడం అవమానమనుకున్నాను. నువ్వు తోలుతుంటే అలా అనిపించలేదు. నా ఒళ్లో కూర్చుని స్టీరింగు తిప్పిన గుంట నన్ను కొండ దాటిస్తోందని ఎవరైనా ఎదురైతే చెప్పాలనిపించింది. తెలిసినవాళ్లెవరూ ఎదురుకాలేదు.

ఒక్క సంగతి అప్పుడు నీకు చెప్పలేదు. నువ్వు కుడి పక్క కూర్చున్నావు. ఇంటి దగ్గర మొదలుపెట్టి పొట్టంగి చేరేదాకా మాట్లాడుతూనే ఉన్నావు. పెదాలు కదులుతుంటే చూశాను. ఇంజను మోతలో నాకు ఒక్క మాట కూడా అందలేదు. మళ్లీ చెప్పమంటే కళ్లు రోడ్డు వదిలి నా వైపు తిప్పుతావని అడగలేదు. ఊఁ కొడుతూ కూర్చున్నాను. ఒకచోట నవ్వావు, నేనూ నవ్వాను. ఇంకోచోట చెంపలు తుడుచుకున్నావు. అక్కడ ఏం చెయ్యాలో తెలియక హీటరు కాస్త పెంచాను.

మీ అమ్మని అడగను. ఆవిడ సగం దారి నిద్రపోయింది, మిగతా సగానికి తన మాటలు కలిపి చెబుతుంది.

ఆ దారంతా నాతో ఏం చెప్పావో రాయి అమ్మీ. తీరిగ్గా, మొదటినుంచీ రాయి.

మీ నాన్న,
లక్ష్మణుడు